వెళ్ళొస్తాం అన్న మాట

మొన్న మా ఇంటి ఓనరు సుబ్బారావుగారు మెట్లెక్కి పైకి వచ్చారు. ఆయన పైకి రావడం అరుదు. ఏదన్నా చెప్పాలంటే కోడలు సుజాతను పంపిస్తారు, లేకపోతే కింద నుంచే కేక వేస్తారు. నరసరావుపేట బజార్లో ఆయనది పెద్ద కిరాణా దుకాణం. వాళ్ళ నాన్న ఒకప్పుడు సరుకు పని మీద మా ఊరొచ్చి మా అరుగు చివరి మెట్టు మీద కూర్చునేవాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు ఆయన ఇంటి పైవాటాలో నేను అద్దెకి ఉంటున్నాను కాబట్టి ఇద్దరం ఆ ఊసు ఎత్తం. ఆయన కుర్చీలో కూర్చున్నారు. సుజాత గుమ్మం దగ్గర నిలబడి నేలమీది టైల్స్ చూస్తోంది.

"అక్కయ్యగారూ, మా పెద్ద మనవరాలిని చూసుకోటానికి శుక్రవారం సత్తెనపల్లి నుంచి వస్తున్నారు. చానా మంచి సంబంధం" అన్నారాయన. "మా లాస్య సంగతి మీకు తెలిసిందే గదా. వచ్చినోళ్ళ ముందు ఏందో ఒకటి అడుగుద్ది. ఆ పూటకి మీ వెనకగదిలో ఉంచుకోండి. గడియ పెట్టుకుంటే చాలు." గొంతు కొంచెం తగ్గించి, "మీకు అలవాటైన పనే గదమ్మా" అన్నారు.

నేను నిటారుగా కూర్చునే ఉన్నాను. వీపు వంచి కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. "చూద్దాం" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. సుజాత మాత్రం ఒకసారి నా ముఖంలోకి చూసి ఆయన వెనకే దిగింది. మెట్ల మలుపులో ఒళ్ళో బడిసంచీ పెట్టుకుని కూర్చున్న లాస్య తల ఎత్తకుండానే, "ఏం చూస్తారు మామ్మా?" అని అడిగింది. ఆ పిల్ల సుజాత కూతురు, రెండో తరగతి. చూద్దాం అంటే చూడటం కాదని, తెలుగువాళ్ళం కాదనలేనప్పుడు అలా అంటామని, జీవితమంతా ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పిన నాకు ఆ క్షణంలో ఎలా చెప్పాలో తోచలేదు.

అలవాటైన పని. మా రంగయ్య బాబాయి గురించి ఈ ఊళ్ళో నేను ఎవరికీ చెప్పుకోలేదు. కానీ చెప్పుకోనివన్నీ దాగి ఉంటాయనుకోవడం మా ఇంటివాళ్ళకి మొదటినుంచీ ఉన్న భ్రమ.

మా ఊరు గురజాలకీ దాచేపల్లికీ మధ్యన. నాపరాళ్ళ నేల. ఇల్లు, అరుగు, గొడ్లపాక, దారి అన్నీ నాపరాళ్ళే. పొద్దున్నే నాయనమ్మ అరుగు మీద నీళ్ళు కొట్టించేది. తడిసిన రాయి వాసన, దానిమీంచి వీధిలోకి వచ్చే కాఫీ వాసన, రెండూ కలిసి నాకు ఇప్పటికీ మర్యాద అనే మాటకి వాసన. నాన్నగారు ప్రెసిడెంటు. తెల్లవారితే మనుషులు. తగాదాల వాళ్ళు, పొలాల వాళ్ళు, ఓట్ల వాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు మంచినీళ్ళు, తర్వాత కాఫీ, పూట దాటితే అన్నం. వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తాం" అనాలి. "వెళ్తున్నాం" అనకూడదు, "పోతున్నాం" అసలే అనకూడదు. ఇంటికి అశుభం. చావు జరిగిన ఇంట్లోంచి మాత్రమే మనిషి మాట లేకుండా కదిలిపోతాడు. ఇదంతా నేను చెప్పక్కర్లేదు, మన ఇళ్ళన్నిటా ఉన్నదే. మా ఇంట్లో తేడా అల్లా, అరుగు ఈ చివర ఆ మాటని నమ్మే మనిషి ఒకాయన కూర్చుని ఉండేవాడు.

రంగయ్య బాబాయి నాన్నగారి తమ్ముడు. మనిషి నాన్నగారంత పొడుగు, అంతకన్నా తెలుపు. ఎవరి ముఖంలోకీ చూసేవాడు కాదు, భుజం మీదుగా వెనకున్న గోడని చూసి మాట్లాడేవాడు. నాపరాళ్ళ అతుకులు తొక్కకుండా నడిచేవాడు. ఎవరన్నా హడావుడిగా పిలిస్తే ఏ రాయి మీద కాలు పెట్టాలో తెలియక అక్కడే ఆగిపోయేవాడు. ఆయనకి ఒక కంచుగ్లాసు ఉండేది, ఇంకో గ్లాసులో నీళ్ళు తాగేవాడు కాదు. బావి గిలక కిర్రుమంటే చెవులు మూసుకుని కూర్చుండిపోయేవాడు. తర్వాత తనే వెళ్ళి దానికి ఆముదం పూసేవాడు. మా బావి గిలక చుట్టుపక్కల ఏ బావి గిలకా తిరగనంత మెత్తగా తిరిగేది. ఎండాకాలంలో కూడా కాళ్ళమీద రెండు బొంతలు కప్పుకుని పడుకునేవాడు. ఆ బరువు ఉంటే గానీ ఒళ్ళు తన చోట తను నిలవదని ఒకసారి నాతో అన్నాడు. ఇంట్లో అందరూ దాన్ని తిక్క అనేవారు. అప్పటికి మా వైపు అలాంటి మనుషులకి ఉన్న మాట అదొక్కటే.

వెళ్ళొస్తాం అని ఎవరన్నా గుమ్మం దిగితే బాబాయి అరుగు చివర వీధివైపు తిరిగి కూర్చునేవాడు. వాళ్ళు వస్తామన్నారు కాబట్టి వస్తారు. రాకపోతే అన్నం దగ్గరికి లేచేవాడు కాదు. పాలేళ్ళకి అదో వేళాకోళం. "ఏం రంగయ్యబాబూ, వచ్చారా?" అంటే, ఆయన ఎంతో శ్రద్ధగా, "ఇంకా రాలేదు" అని జవాబు చెప్పేవాడు. నాయనమ్మ విసుక్కునేది, మళ్ళీ తనే ముద్దలు కలిపి పెట్టేది. నాకు తెలిసి అది బాధపడాల్సిన సంగతి అని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. ఆయనకి తప్ప.

ఒక మిరపకాయల కాలంలో, ఎదుటి పార్టీ పెద్ద కోటయ్య మా ఇంటికి రాజీకి వచ్చాడు. పక్క ఊరు వాళ్ళది. అంతకుముందు రెండు ఊళ్ళ మధ్యా కర్రలు లేచాయి, తలలు పగిలాయి. అలాంటి మనిషి మా ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడమంటే మాటలు కాదు. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, నెయ్యి, అన్నీ నాయనమ్మ దగ్గరుండి వడ్డించింది. చెయ్యి కడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని కోటయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"మరి వెళ్ళొస్తాం ప్రెసిడెంటుగారూ."

"ఎప్పుడు?" అన్నాడు బాబాయి అరుగు చివర నుంచి.

తలలన్నీ అటు తిరిగాయి. కోటయ్య పెద్దగా నవ్వి, "రేపు పొద్దున్నే వస్తాలే రంగయ్యా, నీకోసమే!" అన్నాడు. జనం నవ్వారు. నాన్నగారు కూడా నవ్వారు.

మర్నాడు బాబాయి పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. మధ్యాహ్నం దాటాక అరుగు మీద లేడు. మిరపచేల గట్ల వెంట నడుచుకుంటూ పక్క ఊరు వెళ్ళి, కోటయ్య గుమ్మంలో, వాళ్ళ మనుషులందరి ఎదుట నిలబడి, "వస్తానన్నావు. రాలేదు" అన్నాడు. అంతే అన్నాడు. కానీ పల్నాటిలో, రాజీ కుదిరిన మర్నాడు, ప్రెసిడెంటు తమ్ముడు ఎదుటివాడి గుమ్మంలో నిలబడి మాట తప్పావంటే దానికి అర్థం ఒకటే. అన్న పంపించాడని. పంపి నలుగురిలో పరువు తీయించాడని. పొద్దు వాలకముందే వాళ్ళు బాబాయి చేతులు ఆయన తలగుడ్డతోనే కట్టి, బండిలో కూర్చోబెట్టి, మా ఊరి వీధిలోంచి తీసుకొచ్చి మా అరుగు ముందు దించారు. రాజీ ఆ బండితోనే వెనక్కి పోయింది.

నాన్నగారు తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. వడ్రంగిని పిలిపించి, వంటింటి వెనక గాదెగది తలుపుకి బయటివైపు గడియ పెట్టించారు. "నలుగురూ వచ్చే ఇల్లురా. వచ్చినోళ్ళున్నంతసేపూ లోపలుండనీ, అంతే" అంది నాయనమ్మ. మా ఇంటికి మనుషులు రాని పూట ఏది? కొన్నాళ్ళకి ఆ గడియ తీయడం ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఒంటరిగా ఉంచితే తలుపు కొట్టేవాడు. అందుకని, "ఏమే, నువ్వంటే వింటాడు గదా, నువ్వు కూర్చో" అని మనుషులు వచ్చినప్పుడల్లా నన్నూ లోపలికి పంపి గడియ వేసేవారు. నేను అప్పటికి పరికిణీలు కట్టుకునే పిల్లని. గదిలో గోతాలు పైకప్పు దాకా ఉండేవి. మిరపఘాటు కళ్ళల్లోకి, గొంతులోకి దిగేది. ఉన్న ఒక్క కిటికీ లోంచి వెనక గోడ తప్ప ఏమీ కనపడేది కాదు. బయట గ్లాసుల చప్పుడు, నవ్వులు, నాన్నగారి గొంతు. లోపల మేమిద్దరం ఉన్నామని ఎవరికీ తెలియకూడదు. దగ్గు వస్తే పరికిణీ అంచు నోట్లో కుక్కుకునేదాన్ని. ఊపిరి ఆడక కళ్ళనీళ్ళు కారుతుంటే బాబాయి తన కంచుగ్లాసులో నీళ్ళు నాకిచ్చేవాడు. ఆ గ్లాసు ఆయన ఇంకెవరికీ ఇవ్వగా నేను చూడలేదు. ఆ చీకట్లో ఒక్కోసారి నాకు ఆయనమీద కోపం వచ్చేది, ఒక్కోసారి బయటి నవ్వులమీద. ఎవరిమీద వచ్చినా తలుపు మాత్రం అవతలివైపు నుంచే తెరుచుకోవాలి. బయట ఎవరో "వెళ్ళొస్తాం" అనేవారు. బాబాయి తల ఎత్తేవాడు. తలుపువైపు తిరిగి కూర్చునేవాడు.

ఆ గదిలో నేను ఆయన్ని నేర్చుకున్నాను. వేరే చదువు ఏమీ అక్కడ లేదు. మనం మాటలో సగం మర్యాద కలుపుతాం, విన్నవాళ్ళు ఆ మర్యాదని తీసి పక్కన పెట్టుకుని మిగతాది తీసుకుంటారు. బాబాయికి అలా తీయడం రాదు. మాటని చేతిలో పెట్టిన వస్తువులా మొత్తం పుచ్చుకుంటాడు. ముఖంలోకి చూడకపోవడం పొగరు కాదు. ముఖం చూస్తే మాట వినపడదట, వింటే ముఖం చూడలేడట. ఇవన్నీ ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. నేను తప్పుగా అడిగి, ఆయన గోడవైపు తిరిగిపోతే, మళ్ళీ ఇంకోలా అడిగి తెలుసుకున్నవి. ఒకరోజు గడియ తీశారు. నేను లేచి, ఏమనుకున్నానో, "పోతున్నా బాబాయ్. దీపాలు పెట్టే వేళకి వస్తా" అన్నాను. ఆయన తల ఊపి, బొంతలు లాక్కుని హాయిగా పడుకున్నాడు. ఎదురుచూడలేదు.

గుమ్మం దాటుతుంటే నాయనమ్మ నా చెంప మీద కొట్టింది. "శుభమా అని గడపలో నిలబడి పోతున్నా అంటావటే?"

"వెళ్ళొస్తా అంటే ఆయన నిజంగా చూస్తాడు నాయనమ్మా. ఎప్పుడొస్తామో చెప్తే చాలు, లేకపోతే రామని చెప్తే చాలు. అన్నం తింటాడు, ఎక్కడికీ పోడు. గడియ కూడా అక్కర్లేదు."

అరుగు మీది నుంచి లోపలికి వస్తూ నాన్నగారు ఈ మాట విన్నారు. "ఏందే నువ్వనేది? మన ఇంటికి వచ్చిన పెద్దమనుషుల్ని ఆపి, అయ్యా మీరు రాకపోతే రానని చెప్పండి, నా తమ్ముడు నమ్ముతాడు అనమంటావా?" అన్నారు.

"అవును నాన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. నా తలమీద చెయ్యి వేసి, "పెద్దయితే తెలుస్తదిలే" అని వెళ్ళిపోయారు. మాట తప్పని ఇల్లని మాకు పేరు. మా నాన్నగారిని తక్కువ చేసి రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆయన మాట ఇస్తే ప్రాణం పెట్టే మనిషే. కానీ ఇచ్చే మాట వేరు, అనే మాట వేరు ఆయనకి. ఆ రెండూ ఒకటే అనుకున్న మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

బాబాయి ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. ఆ రోజు ఊరంతా వచ్చింది. కోటయ్య కూడా వచ్చి, వీధిలో నిలబడి, తలగుడ్డ తీసి వెళ్ళాడు. చావింటి నుంచి వెళ్ళొస్తాం అనకూడదు కదా. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక్క మాట లేకుండా, తల వంచుకుని మెట్లు దిగిపోయారు. మా ఇంటికి వచ్చిన జనం ఆయనతో అబద్ధమాడకుండా వెళ్ళిపోవడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

ఆ తర్వాత మా ఇల్లు ఎలా పోయిందో పెద్ద కథ కాదు. కోర్టులు తిన్నంత తిన్నాయి, మిగిలింది ఎన్నికలు తిన్నాయి. ఇప్పుడు ఆ జాగాలో సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీలు ఆగుతాయి. దారినపోతూ బస్సులోంచి చూస్తే గాదెగది ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా తరగతుల్లో బాబాయిలాంటి పిల్లలు కనిపిస్తూనే ఉన్నారు. స్టాఫ్‌రూమ్‌లో వాళ్ళని మొద్దు అనీ, పొగరు అనీ అనేవారు. నేను వాళ్ళతో నాకు తెలిసిన పద్ధతిలో మాట్లాడుకునేదాన్ని. ఎందుకలా మాట్లాడుతున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే గాదెగది తలుపు తీయాలి. ఆ గడియ ఇంటితోపాటు పోలేదు.

ఇప్పుడు దానికో పేరు వచ్చింది. గుంటూరు డాక్టరు లాస్యకి ఆటిజం అని చెప్పాడట. సుజాత రోజూ ఫోన్లో ఏవో వీడియోలు చూస్తుంది, నాకూ చూపిస్తుంది. జబ్బు కాదట, మెదడు పనిచేసే తీరే వేరట. ఎంత మంచి మాటలు! మా నాయనమ్మ చేతిలో ఆ ఫోన్ ఉండి ఉంటే అని ఒక్కోసారి అనుకుంటాను. మళ్ళీ, ఫోన్ ఉన్న సుబ్బారావుగారు గడియ పెట్టుకోమంటున్నారు కదా అని గుర్తొస్తుంది. తిక్క అనే మాట పోయి డాక్టరు చెప్పిన మాట వచ్చింది. గది మాత్రం వెనకగదే. కాపలా కూర్చునే మనిషీ నేనే.

శుక్రవారం సుజాత పైకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పెద్దమ్మగారూ, పాపని తీసుకురమ్మన్నారు. ఇవాళ ఒక్కరోజే అంటున్నారు."

"ఒక్కరోజే అనే మొదలుపెడతారమ్మా" అన్నాను. "తీసుకురావద్దు. నేనే కిందికి వస్తా."

"మామయ్య మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమంటారేమో."

"అంటే అననీ."

అంత తేలిగ్గా అన్నాను గానీ, ఈ వయసులో ఇంకో వాటా వెతుక్కుంటూ నరసరావుపేట వీధుల్లో తిరగడం తేలికేమీ కాదు. అమ్మ జరీఅంచు నేతచీర కట్టుకున్నాను. మెట్లు నాపరాళ్ళవే. మలుపులో లాస్య రాయిని అరచేత్తో రాస్తూ కూర్చుంది. నన్ను చూసి, నా భుజం వెనకున్న గోడతో, "చూశారా మామ్మా?" అంది.

"చూశానమ్మా. పద, కిందికి వెళ్దాం."

హాల్లోకి ఇద్దరం కలిసి వెళ్ళేసరికి సుబ్బారావుగారి ముఖం మాడిపోయింది. వచ్చినవాళ్ళ ముందు ఏమీ అనలేక, "మా పైవాటాలో ఉంటారు, టీచరుగారు" అన్నారు. లాస్య నా పక్కన కూర్చుని బడిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఆ బరువెందుకో నాకు తెలుసు. మాటలు బాగానే సాగాయి. పెళ్ళికొడుకు తల్లి కలుపుగోలు మనిషి. కాఫీలయ్యాయి, అందరూ లేచారు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "మరి వెళ్ళొస్తామండీ" అంది.

"ఎప్పుడొస్తారు?" అంది లాస్య.

సుబ్బారావుగారు గబగబా నవ్వు తెచ్చుకుని, "చిన్నపిల్ల, ఏందో అడుగుద్దిలేండి" అన్నారు. ఆవిడ ముద్దుగా, "రేపే వచ్చేస్తాలే బంగారం, నీకోసమే!" అంది.

నాకు గాదెగది మిరపఘాటు గొంతులోకి వచ్చింది. ఈసారి నోట్లో ఏమీ కుక్కుకోలేదు.

"అమ్మా, మీరు రేపు రారు. రానని ఈ పిల్లతో చెప్పండి" అన్నాను. "చెప్పకపోతే రేపంతా ఈ మెట్ల మీదే కూర్చుంటుంది. అన్నం తినదు."

"అక్కయ్యగారూ, ఇప్పుడెందుకయ్యన్నీ!" అన్నారు సుబ్బారావుగారు.

"మీరే అన్నారు గదండీ, నాకు అలవాటైన పనని. ఆ అలవాటేందో చెప్తాను" అని వచ్చినావిడ వైపు తిరిగాను. "మా సొంత బాబాయి ఇట్టాగే ఉండేవాడమ్మా. వస్తామంటే వస్తారనుకునేవాడు. అందుకని ఆయన్ని గదిలో పెట్టి గడియ వేశాం. కాపలాకి నన్నూ లోపలే పెట్టారు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ గదే. ఆయనకి కావాల్సింది ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు చెప్పే మాట. ఇంతమందిమి ఉండి అది ఇవ్వలేకపోయాం. ఈ పిల్లకీ అంతే చాలు."

సుజాత గోడకి ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసింది, పిల్లని చూసింది. తర్వాత వంగి, కొంచెం తడబడుతూ, "రేపు రానమ్మా. మళ్ళీ వస్తామో రామో మాకింకా తెలియదు. వచ్చేట్టయితే ముందు మీ అమ్మకి ఫోన్ చేస్తా" అంది.

"సరే" అంది లాస్య. సంచీ తెరిచి రంగుపెన్సిళ్ళు తీసుకుంది.

"సంబంధానికి వచ్చి ఇంత నిజం చెప్పిన ఆడమనిషిని నేనెక్కడా చూళ్ళా" అని ఆవిడ భర్త గొణిగాడు. ఎవరో నవ్వారు. కారు కదిలింది.

సుబ్బారావుగారు నావైపు చూడకుండా దుకాణానికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటున్నారు. రేపో ఎల్లుండో ఖాళీ చేయమంటారో, సత్తెనపల్లి నుంచి ఫోన్ వచ్చేదాకా ఆగుతారో నాకు తెలియదు. నేనూ లేచాను. గుమ్మంలో అలవాటు కొద్దీ "వెళ్ళొ" దాకా వచ్చింది నోట్లోకి. ఆగాను. నాయనమ్మ కొట్టిన చెంప మీదికి వేడి వచ్చింది.

"లాస్యా, నేను పోతున్నాను. ఇవాళ ఇక కిందికి రాను."

"అయ్యయ్యో, శుభకార్యం మాట్లాడుకున్న ఇంట్లో పోతున్నానంటారేందండీ!" అంది లోపలి నుంచి సుబ్బారావుగారి భార్య.

"సరే మామ్మా" అంది లాస్య.

మెట్లెక్కుతూ మలుపులో ఆగి వెనక్కి చూశాను. ఆ పిల్ల నేలమీద బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది. నాకోసం ఎదురుచూడటం లేదు.